ఫ్లాపీకి పెట్టిన బొట్టు

ఆయుధపూజకని మా ఆఫీసులో ఎవరో గంధం కలిపారు. ఆ తడి వాసన తగలగానే మేరీ మేడం గుర్తొచ్చారు. ఎనభైల చివర పాతబస్తీ గౌలిపురలో, కుట్టుమిషన్ల దుకాణం మీది గదిలో, ఆమె కంప్యూటర్ క్లాసులు నడిపేవారు. నేనక్కడ కొత్త టీచర్ని. నాలుగు ముక్కలు నేర్చుకుని అన్నీ తెలిసినట్టు మాట్లాడే వయసు.

దసరా మర్నాడు లక్ష్మి ఏడుపుమొహంతో వచ్చింది. పాల వ్యాపారం చేసే ఇంటి కోడలు. కోర్సు చివర చూపించాల్సిన ప్రోగ్రామంతా ఆమె ఒక్క ఫ్లాపీలోనే ఉంది. అది లేకపోతే సర్టిఫికెట్ రాదు, మళ్లీ చదువుతానంటే ఇంట్లో ఒప్పుకోరు. అరచేయంత ఉన్న ఆ నల్లటి ఫ్లాపీని కత్తిపీట, పాల క్యాన్ల పక్కన పెట్టి పూజ చేసింది. దాని కవరు మీద కోలగా తెరిచి ఉండే చోటు బొట్టు కోసమే వదిలారనుకుందేమో, సరిగ్గా అక్కడే గంధం, కుంకుమ పెట్టింది. మనం దాచుకున్నదంతా ఉండే లోపలి బిళ్ల బయటికి కనబడేది అక్కడే.

"ఏం కాదు లక్ష్మీ, తుడిచేద్దాం" అని చెయ్యి చాపాను. మేడం నన్ను ఆపారు.

"ఏం కాదని నీకెట్ల తెలుసు పద్మా? తెల్వకుంటే తెల్వదను." తర్వాత లక్ష్మి వైపు తిరిగారు. "పూజ చేసుడు తప్పు కాదమ్మా. మేమే ముందుగాల చెప్పాల్సుండె. కడిగి చూడొచ్చు. వస్తే వస్తది, లేకుంటే మొత్తం పోతది. ముందు పాతదాని మీద చేసి చూపిస్త."

ఒక పాత ఫ్లాపీకి అలాగే గంధం, కుంకుమ పూసి, ఎండనిచ్చి, కవరు కోసి, లోపలి పల్చటి బిళ్లను నీళ్లలో కడిగి ఆరబెట్టారు. వేరే కవరులో దూర్చి కంప్యూటర్లో పెడితే చక్కగా చదివింది. అయినా మేడం లక్ష్మి ఫ్లాపీని ముట్టుకోలేదు.

"నీది గూడ ఇట్లనే వస్తదని చెప్పలేను. ఇది నీ కష్టం. చేయమంటవా?"

లక్ష్మి చాలాసేపు మాట్లాడలేదు. నాకైతే చిరాకేసింది. తెలిసినవాళ్లం మేముండగా ఆమెనడిగేదేముంది? చివరికి "చేయుండ్రి మేడం" అంది.

కడిగి ఆరబెట్టి చూస్తే, ప్రోగ్రాం సగానికి పైగా తిరిగొచ్చింది. మేడం వెంటనే రెండు కాపీలు తీయించి, "వచ్చే దసరాకు బొట్టు ఆ తెరిచిన చోట కాదు, పక్కన కవరు మీద పెట్టు" అన్నారు. పోయింది మళ్లీ టైపు చేసుకుని లక్ష్మి సర్టిఫికెట్ తెచ్చుకుంది.

"ఆ రోజు అంతసేపేం ఆలోచించినవ్?" అని తర్వాతెప్పుడో అడిగాను.

"ఆలోచించలె అక్కా. మా ఇంట్ల నన్నెవ్వరూ ఎన్నడు గట్ల అడగలె. నోట మాట రాలె."

మేడం అంటే నాకు ప్రాణమైంది ఆ మాటతోనే.

ఇప్పుడు కంప్యూటర్ మొరాయించిందని ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తూనే ఉంటారు. ఏం చేయబోతున్నానో, ఏం పోవచ్చో చెప్పి, "చేయమంటారా?" అని అడుగుతాను. అవతలివాళ్లు ఎంతసేపు మాట్లాడకపోయినా, మౌస్ మీంచి చెయ్యి తీసి కూర్చుంటాను.