కట్టేసిన ఫోనుకి రీచార్జి

ఆస్పత్రి దుప్పట్లకు అంచులు కుట్టే ఆమెను అందరూ సూదమ్మ అంటారు. ఆ పేరొచ్చింది కుట్టుమిషను వల్ల కాదు, నోటి వల్ల.

పదకొండు నెలల కిందట చెల్లెలు చూడవచ్చింది. ఒంటిమీద కొత్త జాకెట్టు. కాజాలు చూడగానే సూదమ్మకు ఒళ్ళు మండింది. తన చేతి కుట్టు కాదు.

"ఎవత్తె కుట్టిందే?"

"మా వీధిలో ఒకామె అక్కా. నీకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదుగా, శ్రమెందుకని."

చెల్లెలు రైలెక్కగానే సూదమ్మ ఫోను కట్టేసి బీరువాలో బట్టల కింద పడేసింది. చెయ్యనీ, వందసార్లు చెయ్యనీ, కట్టేసి ఉందని విని విని ఏడవనీ! అయితే రీచార్జి ఆపితే కంపెనీవాళ్ళు నంబరే పీకేస్తారు. అప్పుడిక అక్క కోపం చెల్లెలికి తెలిసేదెలా? అందుకని నెలనెలా మూలకొట్టుకి పోయి రీచార్జి చేయించేది. "వాడని ఫోనుకెందుకమ్మా?" అని కొట్టతను అడిగితే, "నీ అబ్బ సొమ్మా?" అనేది.

చివరికి, చెల్లెలు ఎన్నిసార్లు చేసిందో చూసి కరుణిద్దామని ఫోను పైకి తీసింది. అది కన్ను తెరవలేదు. చార్జరు పెట్టింది, వైరు మార్చింది, పక్కింటి చార్జరు తెచ్చింది, చార్జింగు కన్నంలో దుమ్ము సూదితో గీకింది. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా కూచున్నా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

రిపేరుకొట్టు మెకానిక్ వెనక మూత ఊడదీసి, మీటరు పెట్టి చూశాడు.

"సూది పెట్టి గీకారా?"

"గీకితే?"

"ఇంకెప్పుడూ గీకకండి పెద్దమ్మా. బ్యాటరీ ఒట్టిపోయింది. మరీ ఇంతగా అడుగంటితే చార్జరు పెట్టినా ఫోను తీసుకోదు. ఉబ్బలేదు, అదే నయం."

"సోది ఆపి, లేస్తుందో లేదో చెప్పు."

బల్లమీది కరెంటు పెట్టె నుంచి రెండు సన్నటి వైర్లు బ్యాటరీకి తగిలించాడు. కాసిని కాసిని కరెంటు ఎక్కిస్తూ, వేడెక్కుతోందేమోనని తాకి చూస్తూ కూచున్నాడు. తర్వాత ఫోనులో పెట్టి చార్జరు తగిలిస్తే తెరమీద బొమ్మ పడింది. అరగంటకి ఫోను లేచింది. టింగు టింగుమని మెసేజీలు.

సూదమ్మ బల్లమీదికి వంగింది. "చేసినవాళ్ళెవరో చదువు."

"పదకొండు రీచార్జి మెసేజీలు. దుప్పట్ల మేస్త్రి మూడుసార్లు చేశాడని మిస్డ్ కాల్ మెసేజీలు. అంతే."

"మా చెల్లెలివి బ్యాటరీతో పాటు పోయుంటాయి."

"అవి బ్యాటరీలో ఉండవు పెద్దమ్మా," అని ఫోను చేతికిచ్చాడు. "మాట సరిగ్గా వస్తోందో లేదో ఎవరికైనా చేసి చూడండి."

ఆమెకు నోటికొచ్చిన నంబరు ఒక్కటే.

"అక్కా! చెప్పు, పొయ్యిమీద పాలున్నాయి."

"ఇన్నాళ్ళూ నా ఫోను కట్టేసుందే."

"అవునా? ఎప్పట్నుంచి? నేను చెయ్యలేదులే. నీ పనిలో నువ్వుంటావు కదా అని."

మెకానిక్ గడ్డం ఎత్తి, "వినబడుతోందా?" అన్నాడు.

సూదమ్మ తలూపింది. చెల్లెలు పాల కోసం పరిగెత్తేలోగా తనే ముందు ఫోను పెట్టేసింది.