ఎక్స్‌టర్నల్ గారికి కాకరకాయ

తెలిసిన విషయాన్ని ఎదుటివాళ్ళ కంచంలో వడ్డించకుండా ఉండలేని వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాది ఆ వయసు. (ఇప్పుడు తగ్గిందని నేనంటాను, మా ఆయన ఒప్పుకోరు.) రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, రాజమండ్రిలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఆఖరి ఏడాది. నా ప్రాజెక్టు ఏఎంపీ కైనేజ్ అనే ఎంజైమ్‌నీ, దాన్ని తట్టిలేపే ‘యాక్టివేటర్’ రసాయనాలనీ గురించి. బియ్యం డబ్బాలో అడుగు కనిపించగానే పిండివంటలు ఆపించి, అటక మీద దాచినవి దింపించే అత్తగారి లాంటిది ఆ ఎంజైమ్. కణంలో ఇంధనం తగ్గితే లేస్తుంది. లేచి, కొవ్వు కరిగించి ఇంధనం చేయిస్తుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా దాన్ని లేపుతుందని అప్పుడప్పుడే తెలుస్తోంది. జిరాక్స్ కాగితాలు మూడు నెలలు నమిలి, ఆ సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసన్నట్టు తిరిగేదాన్ని.

మా కాలేజీలో ఒక ఆనవాయితీ ఉండేది. వైవా పరీక్షకి బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ గారికి మధ్యాహ్నం భోజనం ఊళ్ళో ఇల్లున్న విద్యార్థే తేవాలి. ఆ ఏడు ఆ భాగ్యం నాది. వచ్చేది కత్తెర మాస్టారు, మార్కులు కత్తిరించడంలో ఆయనకున్న పేరది. ఫస్ట్ క్లాసు వస్తేనే ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు లెక్చరర్ ఉద్యోగం ఇస్తామన్నారు, ఆ క్లాసు వైవా మార్కుల మీద వేలాడుతోంది. ముందురోజు మా గైడ్ గారు "ఆయనకి షుగరమ్మా, మాత్రకి వేణ్ణీళ్ళు మర్చిపోకు" అన్నారు. ఆ ఒక్కమాట చాలు నాకు. పొద్దున్నే అమ్మ పులిహోర, గుత్తొంకాయ, బొబ్బట్లు చేసి క్యారేజీ సర్దుతుంటే అడ్డం నిలబడ్డాను.

"షుగరున్నాయనకి బొబ్బట్లేంటమ్మా? నేను చదివిందంతా ఏ గోదాట్లో కలపమంటావు?"

"తినడం మానడం ఆయనిష్టమే. వడ్డించకపోవడం మాత్రం మనకి తలవంపులు" అంది అమ్మ.

వినలేదు. రెండు పుల్కాలు, నూనె లేని కాకరకాయ కూర, పల్చటి మజ్జిగ పట్టుకెళ్ళాను.

క్యారేజీ మూత తీసినప్పుడు ఆయన ముఖం చూశాను. మొదటి గిన్నె చూసి, కింది గిన్నె చూసి, ఇంకో గిన్నె ఉందేమోనని క్యారేజీ అడుగు కూడా చూశారు. పుల్కా తుంచి కాకరకాయలో అద్దుకున్నారు. (ఇంట్లో భార్యగారు ఏడాదంతా పెట్టేది అదేననీ, పరీక్షల సీజన్ కోసం ఆయన కాచుకుని ఉంటారనీ మా గైడ్ గారు తర్వాత చెప్పారు. ముందు చెప్పి ఉండొచ్చు.) మా గైడ్ గారు మాత్రం తెల్లబోయి నావంక చూశారు.

రెండింటికి నన్ను పిలిచారు. గదిలో మేం ముగ్గురం, కిర్రుమంటున్న ఫ్యాను. ఆయన నా ప్రాజెక్టు తిరగేసి ఒక పేజీ మీద పెన్ను ఆనించారు.

"మెట్‌ఫార్మిన్ ఎంజైమ్‌ని నేరుగా అంటుకుని లేపుతుందా?"

"లేదండి. మైటోకాండ్రియాలో ఇంధనం తయారీని కాస్త తగ్గిస్తుందండి. కొరత పడి ఎంజైమ్ లేస్తుంది."

"మరి యాక్టివేటరని ఎలా రాశావు? కొట్టేయనా?"

కొట్టేస్తే సగం ప్రాజెక్టు పోతుంది. అయినా నా నోరు ఆగలేదు. "పొయ్యి ఆర్పేస్తే ఆకలేసి మనిషి నిద్ర లేస్తాడు కదండి. మనం ముట్టుకోకపోయినా, లేపింది మనమే కదండి?"

ఆయన కళ్ళజోడు తీశారు. "అయితే ఇవాళ నాకు భోజనం పెట్టినవాళ్ళు కూడా యాక్టివేటరేనన్నమాట."

"అవునండి" అన్నాను. అక్కడితో ఆగొచ్చు. "కాకపోతే పరోక్షంగానండి."

మా గైడ్ గారు కళ్ళు మూసుకున్నారు. నా ఉద్యోగం ఫ్యాను గాలికి కొట్టుకుపోవడం నాకు కనిపించింది. కత్తెర మాస్టారు కాగితం మీద ఏదో రాసి, బోర్లించి పెట్టారు.

"ఆ కాకరకాయ మీ అమ్మగారు చేశారా?"

"నేనండి. అమ్మ బొబ్బట్లు చేసింది, నేనే సర్దనివ్వలేదు."

కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నారాయన. తర్వాత, అంతసేపూ లేని మెత్తని గొంతుతో, "మీ ఇల్లు దూరమా అమ్మా?" అన్నారు.

రెండు వీధులు పరుగెత్తాను. అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది, పక్కన నెయ్యి గిన్నెతో సహా సర్దిన క్యారేజీ. ఒక్క ప్రశ్న వేయకుండా చేతికిచ్చింది. మాస్టారు మాత్ర వేసుకుని రెండు బొబ్బట్లు తిన్నారు. మూడోది అందుకోబోతుంటే నేను నోరు తెరిచాను, మా గైడ్ గారు కాలు తొక్కారు. బోర్లించిన కాగితంలో నా ఫస్ట్ క్లాసు బొబ్బట్లకి ముందే ఉందని ఆయన వెళ్ళాక తెలిసింది.

ఇప్పుడు నేనే ఎక్స్‌టర్నల్‌ని. ఆ షుగరు మాత్ర నా హ్యాండ్‌బ్యాగులోనూ ఉంటుంది. మొన్న ఒక కాలేజీలో, కళ్ళలో చదువు వెలుగుతున్న ఒక పిల్ల నా ముందు డబ్బా మూత తీసింది. ఉడికించిన మొలకలు. "మీకు షుగరని విన్నామండి, మేడమ్" అంది, ఎంతో బాధ్యతగా. వైవాలో నాతో వాదించింది కూడా. మంచి మార్కులే వేశాను. సంతకం పెట్టి, కాగితం బోర్లించి, గొంతు వీలైనంత మామూలుగా పెట్టుకుని అడిగాను:

"మీ ఇల్లు దూరమా అమ్మా?"