నాయనమ్మ రాజీనామా ఉత్తరం

సైనిక రికార్డుల ఆఫీసుకు లిఫ్టు లేదు. డెబ్బై రెండేళ్ల మోకాళ్లతో, చంకలో ఫైలుతో, మెట్టుకొక తిట్టు చొప్పున ఆఫీసును తిట్టుకుంటూ పెద్దాయన మూడో అంతస్తు చేరాడు. ఆరు నెలల్లో ఇది పదకొండోసారి. పాత సైనిక ఆసుపత్రి ఆవరణలో, యుద్ధకాలంలో అక్కడ పనిచేసిన నర్సుల పేర్లతో ఒక రాతిపలక నిలబెడుతున్నారు. అందులో ఆయన నాయనమ్మ పేరు లేదు. ఆ సాయంత్రం ఐదింటికి జాబితా మూసేస్తారు.

మధ్యలో తమంతట తాము మానేసినవారిని చేర్చకూడదన్నది ఆఫీసు నిబంధన. నాయనమ్మ మానలేదనీ, పెళ్లి చేసుకున్న నేరానికి వాళ్లే పంపేశారనీ పెద్దాయన వాదన. 'వివాహమైనందున విధుల నుండి విడుదల చేయడమైనది' అన్న ఉత్తర్వు ఆయన దగ్గర భద్రంగా ఉంది. కోర్టులో ముప్పై నాలుగేళ్లు నకళ్లు రాసిన మనిషి. ఆయన ఇంట్లో పాలవాడి చీటీ కూడా చిత్తుకాగితం కాదు.

ఉత్తర్వు ఉంది సరే, ఆమె పడిన కష్టానికి కాగితం ఏదీ? ఇరవై రెండో ఏట నర్సుగా చేరింది. డేరాల్లో సూదులు మరగబెట్టింది. గాయపడిన సిపాయిలను భుజం తట్టి లేపకూడదని అక్కడే నేర్చుకుంది; కలలో ఇంకా యుద్ధంలోనే ఉన్నవాడు లేస్తూనే చెయ్యి విసురుతాడు. అందుకే కాలి బొటనవేలు నొక్కి, ఒక అడుగు వెనక్కి వేసేది. మనవణ్ణి బడికి లేపేటప్పుడూ అంతే.

"నేనేమైనా సిపాయినా, నాయనమ్మా?" అని వాడు విసుక్కుంటే, "సిపాయిలే నయంరా, లేచాక దుప్పటి మడిచేవాళ్లు" అనేది.

తాతయ్య ఆ ఆసుపత్రిలోనే అంబులెన్సు నడిపేవాడు. "ముందు బండి నచ్చింది. మనిషి తరవాత" అని ఆయన ఎదుటే అనేది. పెళ్లయ్యాక, వీధి చివరి డాక్టరు దగ్గర ముప్పై ఏళ్లు సూదులు వేసింది. చుట్టుపక్కల పిల్లలకు ఆమె సూదమ్మ. నొప్పిగా ఉందా అని ఎవరినీ అడిగేది కాదు. ఎక్కడ అని మాత్రమే అడిగేది. సైన్యం సంగతి ఎత్తితే మాత్రం, "నన్నెవరూ పంపలేదురా, నేనే వచ్చేశా" అని మాట తుంచేసేది. అభిమానంకొద్దీ అలా అంటోందనుకుని, ఆ మాట ఆయన ఎన్నడూ నమ్మలేదు.

"రండి తాతగారూ, మీరడిగిన కాగితాల కట్ట ఇవాళే దొరికింది" అంది రికార్డుల గుమస్తా. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు కిందికి లాగింది. ముప్పై దాటని పిల్ల. ఆమె మొహంలో సంతోషం లేదు.

కట్టలోంచి ఒక ఉత్తరం తీసి ముందు పెట్టింది. నాయనమ్మ చేతిరాత. 'నా సంసార బాధ్యతల దృష్ట్యా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా పూర్తి ఇష్టంతో ఉద్యోగం విరమించుకుంటున్నాను.' తేదీ, విడుదల ఉత్తర్వుకు రెండు రోజుల ముందుది.

పెద్దాయన కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నాడు.

"ఇది ముందు ఉంది కాబట్టి, మీ ఉత్తర్వు దీనికి ఆమోదం కిందికి వస్తుందండీ. నా చేతిలో ఏం లేదు."

ఆయన ఉత్తరాన్ని కిటికీ వెలుగుకు ఎత్తాడు. ప్రతి నాలుగైదు మాటలకూ సిరా కొంచెం చిక్కబడి ఉంది. మనసులోంచి రాసేవాడి కలం అలా పదే పదే ఆగదు. పక్కన పెట్టుకున్న కాగితం చూసి రాసేవాడి కలం ఆగుతుంది. జీవితమంతా అలా ఆగిన కలం ఆయనది.

"అమ్మాయ్, ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

ఉన్నాయి. ఆ ఏడాది పెళ్లయిన నర్సుల ఉత్తరాలు, నాయనమ్మదానితో కలిపి, ఏడు. చేతిరాతలు వేరు, వాక్యం ఒకటే, అక్షరం పొల్లుపోకుండా.

"ఏడుగురూ ఒకే మాట మీద ఉన్నారా? మా ఇంట్లో నలుగురం టీలో పంచదార దగ్గరే ఒక మాట మీదికి రాం" అంది గుమస్తా. తరవాత తలుపువైపు చూసి గొంతు తగ్గించింది. "తాతగారూ, ఈ కట్టకు పుటల సంఖ్య వెయ్యలేదు. మీ ఒక్క ఉత్తరం మీరు తీసుకెళ్లిపోతే, మిగిలేది ఉత్తర్వే. ఐదులోపు పేరు ఎక్కించేస్తాను."

గోడగడియారం నాలుగూ పది చూపిస్తోంది. ఆయన వరండాలోకి వెళ్లి చెల్లెలికి ఫోను చేశాడు.

"ఇంకా ఆలోచనేంటి అన్నయ్యా? జేబులో పెట్టుకుని రా!"

"ఏడు ఉంటేనే రాయించారని తెలుస్తుందే. ఒకటి లాగేస్తే రేపు ఇంకొకళ్లు వచ్చి ఇంకోటి లాగుతారు. చివరికి ఎవరూ లేని ఒక పిల్ల ఉత్తరం మిగులుతుంది. దాన్ని చూసి, సరదాగా మానేసింది అంటారు."

"ఊళ్లోవాళ్ల నాయనమ్మలందరూ నీకే కావాలి! మన నాయనమ్మ పేరు రాయి మీద చూడాలని నాకుండదా?"

"ఉంటుందమ్మా. నాకూ ఉంది."

ఆమె ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "నువ్వు మారవు" అని పెట్టేసింది.

తిరిగి వచ్చి, ఉత్తరాన్ని దాని వరసలోనే పెట్టాడు. మిగతా ఆరింటి అంచులతో సరిచేశాడు. ఏడు కాగితాలకూ పుటల సంఖ్య వేయమన్నాడు, తన కళ్లెదుట. గుమస్తా ఒకసారి ఆయన మొహంలోకి చూసి కలం తీసింది.

"తెల్లకాగితాలు ఇవ్వు. ఏడుగురి తరఫునా అర్జీ పెడతాను. వీళ్లు మానలేదు, సైన్యమే మాన్పించి, తామే మానామని వీళ్లచేత రాయించుకుంది అని."

"ఈ పలకకి అందదు కదండీ."

"తెలుసు."

"తరవాతి పలక ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో..."

"అదీ తెలుసు. రాయనీ."

కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టాడు. వేళ్లు వెనకటిలా సాగడంలేదు. నడుము లాగుతోంది. అర్జీల్లో కోపం ఎక్కడ కనిపించకూడదో ఆయనకు తెలుసు. అందుకని రెండు వాక్యాలు కొట్టేసి మళ్లీ రాశాడు. ఐదింటికి జవాను వచ్చి జాబితా పట్టుకెళ్లాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందిదాకా వినిపించింది. ఆయన తల ఎత్తలేదు.

"మూడో ఉత్తరం తేదీ ఇంకోసారి చదువమ్మా" అన్నాడు.