జానెడు జరిగే దడి

కోరుట్లలో మా ఇంటికీ పక్కింటి మామ ఇంటికీ మధ్య ఉన్న కట్టెల దడికి ఆయుష్షు మూడేళ్లు. తుమ్మ గుంజలు పాతి, అడ్డంగా తాటి మట్టలు కట్టేవాళ్లం. మొదటి ఏడు అది దడిలాగే ఉండేది. రెండో ఏడు మేకలకు అలుసయ్యేది. మూడో వానాకాలానికి గుంజల మొదళ్లను చెదలు తినేసి, పిల్లి ఎక్కినా ఒరిగేది.

మామ అంటే చుట్టం కాదు. తాళ్లెక్కి కల్లు గీసే ఇంటి మనిషి. మా బాపును బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ. దడి కట్టడానికి వాళ్లిద్దరికీ వంతులుండేవి. ఒకసారి మేం, ఒకసారి వాళ్లు. ఎవరి వంతు వస్తే వాళ్లు గుంజలను అవతలి వైపుకు జానెడు జరిపి పాతేవాళ్లు. అవతలివాళ్లు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు. మూడేళ్లు ఓపిక పడితే జానెడు జాగా తిరిగొస్తుందని ఇద్దరికీ తెలుసు. ఆ పెద్దమనుషులకు న్యాయం చేసినవి చెదలు.

బాపు పోయాక వంతు నాకొచ్చింది. అప్పటికి నేను ఇంటి నుంచే సిరిసిల్లకు పోయొస్తూ సాంచెలు, అంటే మరమగ్గాలు, బాగుచేస్తున్నాను. చేతిలో పనుంటే తెలివి ఊరుకోదు. విప్పేసిన పాత సాంచెల టేకు చెక్కలు ఏళ్ల తరబడి నూనె తాగి నల్లబడి ఉంటాయి. చెదలు వాటి దరిదాపులకు రావు. వాటిని డీసీఎం వ్యానులో వేసుకొచ్చి, మొదళ్లు కాల్చి, జగిత్యాలలో కొన్న డాంబరు పూసి, మోకాలి లోతు గుంతల్లో పాతాను. అలవాటు ప్రకారం జానెడు జరిపి.

ఆ జానెడులోనే, దడి వారగా, మామ భార్య, మా అత్త, పెట్టుకున్న కల్యామాకు (కరివేపాకు) చెట్టుంది. అది మా వైపు వచ్చేసింది.

మామ వచ్చి గుంజను తట్టి చూశాడు.

“మంచిగ పాతినవ్ అల్లుడా. ఎన్నేండ్లుంటది?”

“ఇరువై ఏండ్లకు ఢోకా లేదు మామా.”

ఆయన వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయాడు. నా గుంజలను లెక్కపెట్టి మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

మూడేళ్లు గడిచాయి. మామ రోజూ పళ్లు తోముకుంటూ గుంజలను ఒక్కొక్కటే ఊపి చూసేవాడు. ఒకసారి స్నానాల నీళ్లను వాటి మొదళ్ల వైపు మళ్లించాడు. ఇంకోసారి పేడ కుప్పను దడికి ఆనించి పోశాడు. పేడకు చెదలు వస్తాయట. వచ్చాయి. ఆయన నిచ్చెనను తిని, నా గుంజలను వదిలేసి పోయాయి. నేను నా పనితనానికి మురిసిపోయాను.

అత్త ఇవేమీ చేయలేదు. పోపు పెట్టే ముందు దడి దగ్గరకు వచ్చి నిలబడేది. “బిడ్డా, ఒక్క రెమ్మ తెంపియ్యవా,” అని నా భార్యను అడిగేది. బియ్యం కడిగిన నీళ్లు పోసి తాను పెంచిన చెట్టు అది. ఒకరోజు మేం ఊళ్లో లేం. తిరిగొచ్చాక మాటల మధ్యలో అత్త అంది:

“మీరు లేరని చారు ఉత్తగనే కాసిన. మంది చెట్టు ముట్టద్దు గద.”

నాకు తల కొట్టేసినట్టయింది. బాపు వెతికి వెతికి నాసిరకం తుమ్మ కట్టెనే ఎందుకు తెచ్చేవాడో అప్పుడు తెలిసింది.

తెల్లారి గడ్డపార పట్టుకుని నా గుంజలను నేనే పీకడం మొదలుపెట్టాను. ఒక్కో గుంజకు ఒక పూట పట్టింది. మామ అరుగు మీద కూర్చుని చూశాడు.

“ఏమైందిర, గట్టిగనే ఉన్నయ్ గద?”

“పుచ్చినయ్ మామా. ఇగ నీ వంతు.”

ఆయన లేచొచ్చి ఒక గుంజను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇసుమంత కూడా చెక్కు చెదరలేదు.

“అవు, బాగనే పుచ్చినయ్,” అన్నాడు.

దడి ఆయనే కట్టాడు. మా వైపు జరిపింది జానెడు కాదు, మూరెడు. కల్యామాకు చెట్టుతో పాటు మా బట్టలుతికే బండ కూడా అటు పోయింది. కొత్త కట్టె కూడా తేలేదు. నా గుంజలకే మళ్లీ డాంబరు పూసి, నాకంటే లోతుగా పాతాడు.

బండ సంగతి తేల్చుకుందామని నా భార్య కొంగు బిగించి బయలుదేరింది. అదే సమయానికి అత్త చెట్టు దగ్గరకొచ్చి, ఎవరినీ పిలవకుండా, ఒకటి చాలే చోట నాలుగు రెమ్మలు తెంపుకుంది. నా భార్య అక్కడే ఆగి చూసి, వెనక్కి వచ్చింది.

“పోనియ్, మూడేండ్లకు మన వంతు అస్తది గద,” అంది.

ఆ గుంజలు మూడేళ్లలో చచ్చే రకం కాదని గుర్తుచేసే ధైర్యం నాకు లేకపోయింది.