పేపర్ ప్లేట్ల కట్ట

అది మర్యాదే అని మా అమ్మ ఇప్పటికీ వాదిస్తుంది. కాదని నేనూ వాదిస్తాను. ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి వాదనకి లోటు లేదు.

ఇంటర్‌తో చదువు ఆపేసి, ఐరాల దగ్గర మా ఊళ్ళోనే చిన్నపిల్లల బడిలో టీచరుగా చేరాను. ఊరి పిల్లలూ చర్చి పక్క కాలనీ పిల్లలూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు. వినాయకుడి ఊరేగింపు చర్చి ముందు ఆగిన రోజు డప్పుల దగ్గర మాటా మాటా పెరిగి పెద్దవాళ్ళు కొట్టుకున్నారు. మర్నాటి నుంచి కాలనీ తల్లులు పిల్లల్ని పంపలేదు. సగం చాప ఖాళీ.

అప్పుడే తిరుపతిలో మాలాంటి టీచర్లకి శిక్షణ పెట్టారు. మతం వేరు, ఊరు వేరు అయినవాళ్ళని జతలు చేసి, ఒకరింట్లో ఒకరు వారం ఉండి ఒకరి బడిలో ఒకరు పాఠం చెప్పమన్నారు. గూడూరు నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి నాకు జత. ముందు నేనే వాళ్ళింటికి పోయాను. వాళ్ళ నాయన నిమ్మకాయల మండీలో పని చేస్తాడు. నేను పోయిన రోజే వాళ్ళమ్మ నన్ను "కోడలా" అని పిలిచి, పొయ్యి పక్కనే కూర్చోబెట్టి చేపల పులుసు పెట్టింది. దాంతో ఆ అమ్మాయి నాకు వదినైపోయింది.

తర్వాతి వారం వదిన మా ఊరొచ్చింది. పొద్దున్నే ఇద్దరం కాలనీలో ఇల్లిల్లూ తిరిగి, పిల్లల్ని పంపమని అడిగాం. ఒకామె వదినని నిలబెట్టి అడిగేసింది.

"ఈ టీచరోళ్ళింట్లోనే దిగినావంట గదా. నీకు అన్నం యాడ పెడతారో, దేంట్లో పెడతారో సూసొచ్చి చెప్పు. పిల్లోళ్ళ సంగతి ఆపైన సూస్తాం."

మధ్యాహ్నం వంటింట్లో కూర్చున్నాం. నాయనకీ నాకూ రోజూ తినే స్టీలు తట్టలు. వదినకి మాత్రం అమ్మ కొత్త కట్ట విప్పి పేపర్ ప్లేటు పెట్టింది. మా అవ్వ కాలంలో కాలనీ నుంచి వచ్చినవాళ్ళకని చూరులో ఒక సత్తు గిన్నె దోపి ఉండేది. ఇప్పుడు పేపర్ ప్లేటు వచ్చింది. తిన్నాక పారేస్తే సరి, అవమానమని ఎవరూ అనలేరు.

వదిన నవ్వింది. "ఏందత్తా, నాకొక్కదానికే పెళ్ళి భోజనమా?"

"అత్తేందే? నేను నీకు ఎట్ల అత్తనైతిని?"

"నీ కూతురు మా అమ్మకి కోడలు. ఇంక నేను నీకేమవుతానో నువ్వే చెప్పు."

నాయన నవ్వు దాచుకోవడానికి చెంబెత్తి గటగటా నీళ్ళు తాగాడు.

"తట్ట ఎందుకు పెట్టలేదు మా?" అన్నాను.

"వొచ్చిన మనిషికి ఎవురూ తినంది, కొత్తది పెట్టినాను. అదీ తప్పేనా?"

"అట్లయితే నాకూ కొత్తదే పెట్టు."

తట్ట పక్కకి తోసి పేపర్ ప్లేటు లాక్కున్నాను. వేడి సంగటి మీద పులుసు పడగానే ప్లేటు మెత్తబడి సగం నా ఒళ్ళోకే జారింది. కాలింది. అయినా తిన్నాను. రాత్రీ దాంట్లోనే, పొద్దున దోసెలూ దాంట్లోనే.

"ఎన్నాళ్ళే ఈ నాటకం?" అంది అమ్మ.

"కట్ట అయిపొయ్యేదాకా. అయిపోతే ఇంగో కట్ట కొను."

వదిన నన్ను పెరట్లోకి లాగింది. "నా కోసం కొట్లాట వద్దు. నేను కాలనీలో తింటాలే."

"నువ్వు పోతే మా యమ్మ గెలిచినట్టు. యాడికీ పోవద్దు."

ఆ మధ్యాహ్నం అమ్మ స్టీలు తట్టలు రెండు ఠంగుమని మా ముందు పడేసింది. "కడిగేది మీరే" అంది. కడిగాం. మేము లేచాక వదిన తిన్న తట్టని అమ్మ చింతపండు పెట్టి మళ్ళీ తోమింది. ఇద్దరం చూశాం. మర్నాడు పట్టుబట్టి ఆ తట్టలోనే తిన్నాను.

కాలనీలో వదిన ఏదీ దాచలేదు. పేపర్ ప్లేటూ చెప్పింది, చింతపండూ చెప్పింది. "ఈ పిల్ల మాత్రం నాతోపాటు ఒళ్ళు కాల్చుకోని తినింది" అని కూడా చెప్పింది.

ఆ రోజు వదినని నిలబెట్టి అడిగినామె నన్ను కిందికీ పైకీ చూసింది. "నా కొడుకుని పంపిస్తా. బడిలో పేపర్ ప్లేటు కనబడిందో, ఆ పొద్దే ఎనక్కి పిలుసుకోని వొచ్చేస్తా."

మిగిలిన కట్టని బడికి ఎత్తుకుపోయాను. పిల్లలందరూ కలిసి వాటిని కత్తిరించి, రంగులేసి, పులి ముఖాలు చేశారు. కిటికీకి వేలాడదీశాం. కొడుకుని దింపడానికొచ్చిన ఆమె వాటిని చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"కనబడతానే ఉండాయి గదా టీచరా!"

"అవి పులులక్కా, అన్నం తట్టలు కాదు" అన్నాను. నవ్వేసి, పిల్లవాణ్ణి చాప మీద కూర్చోబెట్టి పోయింది.

అమ్మ కొత్త కట్ట కొన్నప్పుడల్లా నేను బడికి ఎత్తుకుపోతూనే ఉన్నాను. తిట్టనీ. పిల్లలకి ఇంకా ఏనుగులు చేసే పని ఉంది.