అత్త చేతిలో గ్యాస్ లైటరు

మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో నాకు ఉద్యోగం దొరికిన సంతోషం ఒక్క పూటే నిలిచింది. నేను పనికి పోతే రెండేళ్ళ కూతుర్ని కడప నుంచి వచ్చిన మా అత్తే చూసుకోవాలి. ఆమెకేమో చేతులు వణుకుతాయి. ఆ మధ్యనే అగ్గిపుల్ల జారి కుచ్చెళ్ళ మీద పడింది. చీర కాలడంతో పోయింది, నయం. ఆమె స్టవ్ వెలిగించలేకపోతే పిల్లకు పాలు కాచేదెవరు? నేను ఉద్యోగం మానుకోవాల్సిందే.

గ్యాస్ లైటరు కొనుక్కొచ్చాను. మా అత్త దాన్ని అగ్గిపుల్లలాగే వాడింది. ముందు టక్కున నొక్కి, అలాగే నొక్కి పట్టుకుని, ఆ తర్వాత గ్యాస్ తిప్పి బర్నర్ దగ్గర పెట్టింది.

"మంట యాడమ్మా? ఇది చెడిపోయినట్టుంది."

గ్యాస్ వాసన ముక్కుకు తగిలేసరికి నాకు ఒళ్ళు మండింది. స్టవ్ కట్టేసి, కిటికీలు తెరిచి, నోటికొచ్చినట్టు అరిచాను. నా అరుపులకు ఇంటి ఓనరమ్మ వచ్చింది.

"గట్ల లొల్లి జేస్తే ఆమెకేం సమజైతది? జర నిమ్మళంగ చెప్పు" అని, తన ఇంట్లో పాడైన లైటరొకటి, విప్పి చూపించమని తెచ్చిచ్చింది.

నేను చదివింది ఫిజిక్సు. ఎందుకూ పనికిరాలేదనుకున్న ఆ చదువు వంటింట్లో పనికొచ్చింది. ఆ పాడైన లైటరు విప్పి, లోపలి స్ప్రింగు, బుల్లి సుత్తి, దాని ముందున్న చిన్న స్ఫటికం చూపించాను. మీట పూర్తిగా నొక్కితే సుత్తి ఎగిరి స్ఫటికాన్ని కొడుతుంది. ఆ దెబ్బకు అది కంటికి కనబడనంత కొద్దిగా కుంచించుకుంటుంది, దాని రెండు కొసల్లో కరెంటు పుడుతుంది. అదే నిప్పురవ్వగా దూకుతుంది. ఆ తర్వాత ఎంతసేపు నొక్కిపట్టినా ఇంకేమీ రాదు.

వాసన పూర్తిగా పోయాక, కిటికీలు మూసి, కొత్త లైటరు నొక్కాను. చీకట్లో నీలి రవ్వ మెరిసి మాయమైంది. "చూశావా అత్తా, అది ఉండేది అంతసేపే. అందుకే గ్యాస్ తిప్పిన వెంటనే నొక్కాలి."

"దెబ్బ తగిల్తే చురుక్కుమంటాది, మళ్ళా ఏమీ ఎరగనట్టుంటాది. అచ్చం నీ మాదిరే" అంది మా అత్త. ఓనరమ్మ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

అత్త ఒంటి బొటనవేలికి మీట లొంగలేదు. రెండు బొటనవేళ్ళూ కలిపి నొక్కడం ఆమే కనిపెట్టుకుంది.

ఉద్యోగంలో చేరే రోజు, చెప్పులేసుకుని బయటికొచ్చి వంటింటి కిటికీ పక్కన ఆగాను. టక్. ఏమీ లేదు. మళ్ళీ టక్. భగ్గున స్టవ్ అంటుకుంది, గిన్నె పెట్టిన చప్పుడు వినిపించింది. నా కళ్ళు నిండాయి. నన్ను ఆ ఉద్యోగానికి పంపింది వణికే ఆ రెండు బొటనవేళ్ళే.

లోపల్నుంచి మా అత్త గొంతు వినిపించింది: "కిటికీ కాడ నిలబడింది చాల్లే. బస్సు పోతాది, నువ్వు పోమ్మా."