నంబరు కుట్టని స్వెట్టరు

ఇజ్రాయెల్‌లో ఆస్తీ పనీ అందరూ పంచుకు బతికే కిబ్బుట్జ్ అనే ఊరది. అక్కడి లాండ్రీలో ఫ్రూమా మాటే శాసనం. నంబరు కుట్టిన బట్ట దాని మనిషికి పోతుంది, నంబరు లేనిది అందరిదీ. ఈ లెక్కలో ఊరి పెద్దల ప్యాంట్లే మాయమైపోయాయి. ఇక నిన్న గాక మొన్న హాలండ్ నుంచి దిగిన ఆఫ్కె ఎంత?

అక్కడికొచ్చే కుర్రకారంతా పొద్దున ఆపిల్ తోటలో కొమ్మలు కత్తిరించి, మధ్యాహ్నం హీబ్రూ నేర్చుకోవాలి. ఆఫ్కె కూడా అంతే. వచ్చిన వారానికే ఆమె బట్టలన్నిటికీ నంబరు పడింది, ఒక్క నీలం స్వెట్టరుకు తప్ప. అది ఆమె అన్న వీబెది. చేపల పడవతో పాటు సముద్రంలో కలిసిపోయాడు. శవం కూడా దొరకలేదు. తల్లి తన చేత్తో అల్లిన ఆ స్వెట్టరొక్కటే ఇంట్లో మిగిలింది.

"చలికి పనికొస్తుంది, పట్టుకెళ్ళు. కానీ మళ్ళీ తెచ్చివ్వాలమ్మా. వాడిది నాకింకేమీ లేదు" అని ఆ తల్లి సంచిలో పెట్టింది. ఆఫ్కె దాన్ని తొడగలేదు, ఉతకలేదు. దిండు కింద దాచుకుంది. మొహం ఆనిస్తే పొగాకు వాసన, పడవల తారు వాసన ఇంకా కొంచెం తెలిసేవి.

జనవరి వానలకు ఆఫ్కె జ్వరమొచ్చి పడుకుంది. గదిలో తోడున్న గ్రాసియేలా అర్జెంటీనా పిల్ల. మనసు వెన్న, చేతులు మాత్రం ఒక్కచోట నిలవవు. జ్వరమొచ్చిన పిల్ల ఉండే గది శుభ్రంగా ఉండాలని మూలమూలలా ఊడ్చి, మాసినవన్నీ మూటగట్టి లాండ్రీలో పడేసి వచ్చింది. జ్వరం దిగాక ఆఫ్కె దిండెత్తి చూసింది.

"ఇక్కడి స్వెట్టరేదీ?"

"ఆ కంపుదా? ఉతకడానికి వేశాలే. అచ్చం చేపల బుట్టే! దాని మీద ఎలా పడుకున్నావే తల్లీ?"

"దానికి నంబరు లేదు" అంది ఆఫ్కె. అదెవరిదో కూడా చెప్పింది.

గ్రాసియేలా మొహం పాలిపోయింది. "ఒక్క మాట చెప్పొచ్చుగా నాకు! చెప్పొచ్చుగా!" అంటూ తనే భోరున ఏడుపు లంకించుకుంది. చివరికి ఆఫ్కే ఆమెను ఓదార్చాల్సి వచ్చింది. ఖర్మ కాకపోతే ఏమిటి!

లాండ్రీకి పరిగెత్తితే ఫ్రూమా లేదు, కూతురి కాన్పుకని హైఫా వెళ్ళింది. అల్మారాలన్నీ వెతికినా స్వెట్టరు దొరకలేదు. ఇక అక్కణ్ణుంచి భోజనాల హాల్లో కంచం ముందు కూర్చుని, వచ్చేపోయే వాళ్ళ ఒంటిమీది బట్టలే చూసేది. తీరా కనబడితే మాత్రం ఏమనాలి? విప్పి ఇవ్వమనాలా? ఎవరికీ సొంతమంటూ లేని చోట అది నాదనడానికి నోరెలా వస్తుంది? పాల షెడ్డు యోనా ఊరుకున్నాడా, "ఏం పిల్లా, మొగుణ్ణి ఏరుకుంటున్నావా?" అని అరిచాడు. హాలంతా గొల్లున నవ్వింది.

ఫ్రూమా తిరిగొచ్చిన రోజునే ఆఫ్కె వెళ్ళి నిలబడింది. "నీలం. ఉన్ని. లావు" అని, తాడు మెలికల్లాంటి అల్లికను వేళ్ళతో గాల్లో చూపించింది.

"ఓ, అదా!" ఫ్రూమా మొహం విప్పారింది. "ఏం ఉన్ని, ఏం ఉన్ని! నంబరా, లేదు. మోచేతుల దగ్గర చూస్తే చిరుగులు. నాతో హైఫా పట్టుకుపోయి, కూతురి మంచం పక్కన కూర్చుని మొత్తం విప్పేశా. మన పసివాళ్ళకు టోపీలయ్యాయి. ఒక్క పోగు పారేశానేమో అడుగు! అయితే ఇచ్చింది నువ్వా? నీ కడుపు చల్లగుండ!" అని రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

ఆఫ్కెకు వచ్చిన హీబ్రూలో తోట ఉంది, నిచ్చెన ఉంది, రొట్టె ఉంది. మునిగిపోయిన అన్న లేడు. పైగా ఫ్రూమా యుద్ధం రోజుల్లో, పసితనంలోనే, చలికి రెండు కాలివేళ్ళు పోగొట్టుకున్న మనిషి. పిల్లల చెవులు వెచ్చగా ఉంటే చాలు ఆమెకు. అలాంటిదాని మీద కోపమైనా ఎలా తెచ్చుకోవడం? కక్కలేక మింగలేక "మంచిది" అని వచ్చేసింది ఆఫ్కె.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, మర్నాడు ఆమెను, ఊరి పసివాళ్ళందరినీ ఒకేచోట పెంచే పిల్లల ఇంట్లో పనికి వేశారు. వాకిట్లో బురద తొక్కుతూ నీలం టోపీలు. వాళ్ళలో నితై అనే రెండేళ్ళవాడు ముక్కు తుడవమని వచ్చి నిలబడ్డాడు. తుడిచింది. ఇక ఉండబట్టలేక వాడి టోపీ లాగి మొహానికి అదుముకుంది.

సబ్బు వాసన, పసివాడి తల వాసన. వీబె ఎక్కడా లేడు.

నితై గుక్కపట్టాడు. "నాది! నాది!"

ఉతికిన దుప్పట్లు మోసుకొచ్చిన ఫ్రూమా గుమ్మంలోనే ఆగి పకపకా నవ్వింది. "విన్నావా వెధవని! పుట్టినప్పటినుంచీ అన్నీ అందరివీ అని నూరిపోస్తున్నాం. ఆ మాట ఎక్కడ నేర్చాడో!"

ఆఫ్కె టోపీని మళ్ళీ వాడి నెత్తిన పెట్టి, చెవుల మీదికి లాగి, గడ్డం కింద ముడివేసింది.

"అవున్రా, నీదే" అంది. ఇక ఏడుపు ఆగలేదు. ఇంటికెళితే అమ్మ ముందుగా తెరిచేది ఆ సంచే. ఆఫ్కె ఎందుకేడుస్తోందో తెలియని నితై ఎత్తుకోమని చేతులు చాపాడు. ఎత్తుకుంది.